వరస తప్పిన కృతజ్ఞతలు

"చదువు వాళ్ళకి, పేరు మనకి. లెక్క సరిపోయింది."

విందు హాలు గుమ్మం పక్కన, కోట్లు తగిలించే గదిలో ఎవరి ఫోన్‌లోంచో తన గొంతే వినబడి, హెల్కా చెయ్యి కొక్కెం మీద ఆగిపోయింది.

"ఇదే. విన్నావా? ఎంత నిదానంగా అంటోందో!" కోట్ల వరస అవతలి నుంచి ఒకావిడ గొంతు.

"ఇంకోసారి పెట్టవే. సరిగ్గా వినలేదు."

ఇంకోసారి పెట్టారు. ఈసారి హెల్కా కోటు తగిలించి, వాళ్ళ ఎదురుగా వచ్చి నిలబడింది. ఇద్దరూ విశ్వవిద్యాలయం ఆఫీసులో పనిచేసేవాళ్ళే. ఫోన్ సంచిలోకి మాయమైంది. ఒకావిడ ముఖం ఎర్రబడింది. రెండో ఆవిడ కిటికీ వైపు చూసి, "ఇవాళ ఎండ బాగా కాసింది కదూ" అంది.

"బాగానే కాసింది" అంది హెల్కా.

నిన్న పొద్దున నమీబియా రాజధాని విండ్‌హుక్ రేడియో ఆ రెండు వాక్యాల్నీ గాలిలోకి వదిలింది. మధ్యాహ్నానికి హెల్సింకి పత్రికలు అందుకున్నాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, నమీబియా టీచర్లని ఫిన్లాండ్ రప్పించి చదివించే పథకాన్ని ఇన్నేళ్ళుగా నడిపిన హెల్కా రౌతియోని, విద్యా సహకార సంస్థ సెలవు పేరుతో ఇంటికి పంపేసింది. సోమవారం ఒండాంగ్వా ఊళ్ళో టీచర్ల కళాశాల పెట్టడానికి రెండు దేశాలూ సంతకాలు చెయ్యాలి. అందుకోసమే వచ్చిన నమీబియా ఉప మంత్రి నంగులా విలేకరులకి ఒకే మాట చెప్పింది: "మమ్మల్ని చదివించేది మా కోసమా, వాళ్ళ పేరు కోసమా? అది తేలితే సంతకం. తేలకపోతే రేపటి విమానం."

హెల్కా ఆ మాట అన్నది నిజమే. కాని అది సగం మాట. తలుపులు మూసుకుని జరిపిన సమావేశంలో ఆమె అన్నది ఇది: "చదువు వాళ్ళకి, పేరు మనకి. లెక్క సరిపోయింది. ఇలా అనుకుని చేతులు దులుపుకుంటే మనం చేస్తున్నది స్నేహం కాదు, ప్రకటన. ఇది మారాలి." ఎవరో రెండో సగాన్ని కత్తిరించి పారేశారు. ఆ సమావేశాన్ని రికార్డు చెయ్యకూడదన్నది నియమం కాబట్టి, పూర్తి మాట ఇదీ అని చూపడానికి ఆఫీసులో ఏమీ లేదు. సమావేశంలో ఉన్నవాళ్ళని విచారణ పూర్తయ్యేదాకా నోరెత్తవద్దన్నారు.

కత్తిరించింది ఎవరో హెల్కాకి తెలుసు. రాత్రంతా కళ్ళు మూసినా తెరిచినా ఒకటే ముఖం. వెన్లా.

ఆ సమావేశం నడిపింది వెన్లా. సంస్థ తరఫున పత్రికలతో మాట్లాడేది వెన్లా. విండ్‌హుక్ రాయబార కార్యాలయంలో కొత్తగా పెట్టబోయే విద్యా సలహాదారు ఉద్యోగానికి చివరిదాకా మిగిలింది ఇద్దరే: హెల్కా, వెన్లా. ఇంకెవరు చేస్తారు?

"ఏం రాయబారి గారూ! మొగుణ్ణి లోపలికి తీసుకెళ్తారా, ఇక్కడే కోటు పక్కన వేలాడమంటారా?"

ఓస్మో. తోక కోటు, తెల్ల బో టై, తాజాగా గీసుకున్న గడ్డం. ఈ విందు ఒక విధంగా అతనిది కూడా. మధ్యాహ్నం అతని విద్యార్థిని లాహ్యా అముతేన్యా తన పరిశోధనని నిండు సభలో నిలబెట్టుకుంది. ఇక్కడ డాక్టరేటు పరీక్షంటే అందరి ముందూ జరిగే యుద్ధం. ఒక పక్క బయటి ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు, ప్రశ్నలతో కాల్చుకు తింటాడు. నడుమ సంరక్షకుడు, అంటే ఆ పరీక్షకి పెద్ద. విద్యార్థిని తయారు చేసిన ప్రొఫెసరే ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఇవాళ ఆ కుర్చీ ఓస్మోది.

"ఇవాళ ఆ మాట వద్దు ఓస్మో."

"ఏ మాట? రాయబారా? అయ్యో, నువ్వా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ అలవాటైపోయింది. నోరు ఊరుకోదు." ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు కంగారు పడకు. నంగులా నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆవిడ జడలేసుకుని బడికెళ్ళే రోజుల్లో నేను ఒండాంగ్వాలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఈ పథకానికి మొదటి రాయి ఎవరేశారో ఇప్పుడంటే అందరూ మరిచారు గాని, నా నమీబియా నన్ను మరవదు. నేను మాట్లాడతాను."

ఎప్పుడూ అంతే. నా నమీబియా. బల్ల దగ్గర ఎవరు ఆ దేశం పేరెత్తినా, ఊళ్ళ పేర్లు ఎలా పలకాలో దిద్దేది అతనే. హెల్కాకి అది ముద్దుగా ఉండేది ఒకప్పుడు.

"వెన్లా కూడా వచ్చింది, చూశావా?" అన్నాడు గొంతు తగ్గించి. "తల ఎత్తుకుని తిరుగుతోంది. మొహంలో చీకూ చింతా లేదు. నేనైతే అడిగేసేవాణ్ణి."

అసలే రగులుతున్న కుంపటి మీద ఊదాడు. హెల్కా గబగబా బయటికి నడిచింది.

విందు హాలు సముద్రానికి ఆనుకుని ఉంది. వెనక చెక్క వసారా, దాని కింద నీళ్ళు. మే నెలాఖరు కావడంతో సూర్యుడికి దిగే ఉద్దేశం ఉన్నట్టు లేదు. కమ్మీ దగ్గర వెన్లా ఒక్కతే నిలబడి ఉంది. అందరిలాగే నల్ల గౌను. నల్ల బట్టల్లోనూ వెలిగిపోయేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళని క్షమించడం కష్టం. మూడు నెలలకే ఒండాంగ్వావాళ్ళ ఒవాంబో భాషలో పలకరింపులన్నీ నేర్చేసింది ఈ పిల్ల. మంత్రులు ఆమె జోకులకి నవ్వుతారు. హెల్కా ఇన్నేళ్ళు ఒక్కొక్క ఇటుకా పేర్చిన గోడ ముందు నిలబడి ఫోటో దిగేది ఈమె. ఆ ఫోటోలు కనబడ్డ ప్రతిసారీ హెల్కా పత్రిక మడిచి అవతల పడేసేది.

"కుర్చీ మెత్తగా ఉందా?"

వెన్లా తిరిగింది. "ఏ కుర్చీ?"

"విండ్‌హుక్‌లోది. ఇంకా కూర్చోలేదనుకుంటా. కాస్త నా రక్తం ఆరాక కూర్చో, గౌను పాడవుతుంది."

"హెల్కా..."

"నటించకు. నా గొంతు కోసి రేడియోవాళ్ళ పళ్ళెంలో పెట్టావు. నిన్న నీ ప్రకటన కూడా చదివాను. 'ఆ వ్యాఖ్యల్ని విచారిస్తున్నాం.' అంతే! పూర్తి మాట నీ చెవులారా విన్నావు. ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్క ముక్క రాయడానికి నీకు చెయ్యి రాలేదు."

"నేను రాసింది ఒక పేజీ. లాయర్లు ఆ ఒక్క వాక్యం మిగిల్చారు."

"పాపం, లాయర్లు!"

"నువ్విలా అరుస్తావనే నిన్నటి నుంచి నీ కంటబడకుండా తిరుగుతున్నాను. అది నా తప్పు." వెన్లా కమ్మీని రెండు చేతులా పట్టుకుంది. "ఆ కుర్చీ నాది కాదు. దరఖాస్తు వెనక్కి తీసుకుని నెల దాటింది."

గాలికి నీళ్ళు వసారా కింద టపటపా కొట్టుకున్నాయి. హెల్కా నవ్వింది. ఆ నవ్వులో కారం ఉంది.

"నువ్వు? చేతికొచ్చిన ముద్ద వదిలేశావు?"

"వదిలేశాను. కారణం చెప్తే నీకు సంతోషంగా ఉంటుంది, విను. కిందటేడు ఇద్దరం ఒండాంగ్వా బడికి వెళ్ళాం కదా. నేను వాళ్ళ భాషలో పలకరిస్తే పిల్లలు కిలకిలా నవ్వారు, నాకు బోలెడు సంబరం వేసింది. తర్వాత నువ్వు లోపలికొచ్చావు. నువ్వు చదివించిన టీచర్లు, ముగ్గురు నలుగురు పెద్దాడవాళ్ళు, సుద్దముక్కలు కింద పడేసి పరుగెత్తుకొచ్చి నిన్ను పట్టుకుని ఏడ్చారు. నువ్వు వాళ్ళ భాషలో ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను గుమ్మంలో నిలబడి అది చూస్తూ కుళ్ళిపోయాను. నిజంగా! ఆ రాత్రి నాకు తిండి సహించలేదు. నువ్వొక్కదానివే అసూయపడుతున్నావనుకున్నావా? మనిద్దరం ఒకరి వెనక ఒకరు కుళ్ళుకుంటూ ఇన్నాళ్ళూ కాఫీలు తాగాం."

హెల్కా వచ్చి ఆమె పక్కనే కమ్మీకి ఆనుకుంది.

"అందుకే తప్పుకున్నాను. ఎంపిక నీదే అయింది. సమావేశానికి ముందు వారమే తేలిపోయింది. పైకి చెప్పకూడదు, సోమవారం సంతకాలయ్యాక ప్రకటిస్తారు. కాని ఆ రోజు నా సంతోషం ఆగక నీకు ఫోన్ చేశాను. నువ్వు బదులు కూడా ఇవ్వలేదు. ఎంత పొగరు అనుకున్నాను."

"నాకు నీ ఫోన్ రాలేదు."

"వచ్చింది. ఓస్మో ఎత్తాడు. నువ్వు సముద్రంలో ఈదుతున్నావు, ఫోన్ ఒడ్డున తన దగ్గర ఉందన్నాడు. సంగతి అతనికే చెప్పేశాను. రాగానే చెప్తాను, ఎగిరి గంతేస్తుంది అన్నాడు."

హెల్కా నీళ్ళ వైపు చూసింది. ఆ సాయంత్రం ఆమెకి గుర్తుంది. వణుకుతూ బయటికొస్తే ఓస్మో తువ్వాలు కప్పాడు. ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగింది కూడా. ఎవరూ చెయ్యలేదన్నాడు.

"మరిచిపోయి ఉంటాడు. పరీక్ష పనుల్లో ఉన్నాడు కదా" అంది. ఆ మాట తన చెవులకే అతుకులబొంతలా వినబడింది.

వెన్లా ఆమె ముఖం కేసి చూసింది. సంచిలోంచి ఇయర్‌ఫోన్లు తీసి చాచింది.

"నేను ఎవర్నీ అనను. నిన్న రాత్రి దాన్ని నలభై సార్లు విన్నాను, ఎవరు చేశారా అని. రేడియోవాళ్ళు వేసింది ఎక్కువే ఉంది, నీ మాట ముందు నా ప్రశ్న కూడా ఉంది. పత్రికలవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. నువ్వు కూడా ఒక్కసారి విను. మాటల్ని కాదు. మాటల వెనక."

హెల్కా పెట్టుకుంది. ముందు వెన్లా గొంతు. డబ్బాలోంచి వస్తున్నట్టు సన్నగా, రేకు మోగినట్టు. తర్వాత తన గొంతు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత దగ్గరగా, నిండుగా.

"సమావేశంలో అందరం మంత్రిత్వశాఖ గదిలో ఉన్నాం, నువ్వు తప్ప" అంది వెన్లా. "నీకు జలుబు చేసి ఇంటి నుంచే తెర మీదికొచ్చావు. మా గదిలో ఎవరైనా రికార్డు చేసి ఉంటే నా గొంతు దగ్గరగా ఉండాలి, నీది డబ్బాలోంచి రావాలి. ఇక్కడ తిరగబడింది."

హెల్కా ఇంకోటి వింటోంది. తన మాటకీ మాటకీ మధ్య, వెనక ఎక్కడో, గుర్... గుర్... గుర్... చివర్లో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు ఒక దగ్గు.

కాఫీ యంత్రం. పెళ్ళినాడు ఓస్మో చెల్లెలు ఇచ్చింది. మూత ఏనాడో విరిగింది. కొత్తది కొందామంటే ఓస్మో ఒప్పుకోడు. కాఫీ దిగడం పూర్తయ్యేసరికి అది అచ్చం అలాగే దగ్గుతుంది. ఈ భూమ్మీద ఇంకే యంత్రమూ అలా దగ్గదు.

ఆ రోజు వంటగది బల్ల దగ్గర కూర్చుని సమావేశంలో మాట్లాడింది తను. వెనక ఎవరో కాఫీ పెట్టారు. తనకి కప్పు కూడా అందించారు. తను కాదు.

"హెల్కా, ఆ గదిలో నువ్వొక్కదానివేనా?"

లోపల గంట మోగింది. విందుకి పిలుపు. తలుపు తెరుచుకుని లాహ్యా బయటికి తొంగి చూసింది. నల్ల గౌను, మెడలో వాళ్ళమ్మ పంపిన గవ్వల దండ. ఒండాంగ్వాలో పుట్టింది, పేరు మాత్రం ఫిన్లాండ్‌ది. ఎప్పుడో వాళ్ళ ముత్తవ్వకి పురుడు పోసిన ఫిన్లాండ్ క్రైస్తవ మిషన్ నర్సు పేరది. ఆ ప్రాంతంలో ఇంటికొకరికి అలాంటి పేరుంటుంది. తన ఊళ్ళో పెద్దాడవాళ్ళని పిలిచినట్టే ఇక్కడా పిలవడం ఆమె అలవాటు.

"అమ్మా, లోపలికి రండి. పులుసు చల్లారిపోతోంది." దగ్గరికొచ్చి హెల్కా చెయ్యి పట్టుకుంది. "మధ్యాహ్నం చెప్పింది గుర్తుందిగా? ప్రసంగాలయ్యేదాకా లేచి వెళ్ళిపోకండి. ఎవరేమన్నా సరే. నా కోసం."

"ఎందుకే తల్లీ?"

"మధ్యాహ్నం దాకా నాకు నోరు లేదమ్మా. ఇప్పుడు వచ్చింది." అంతే చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

పొడుగాటి బల్ల. మధ్యలో లాహ్యా, ఆమె కుడి పక్క ఉప్సల నుంచి వచ్చిన స్వీడన్ పరీక్షకుడు, ఎడమ పక్క ఓస్మో. ఎదురుగా ఉప మంత్రి నంగులా. ఆమె ఎవరితోనూ ముభావంగా లేదు గాని, హెల్కా వైపు ఒక్కసారీ చూడలేదు. హెల్కాకి బల్ల చివర చోటిచ్చారు. పక్కన వెన్లా.

చేపల పులుసు వచ్చింది, సోంపాకు చల్లిన కొత్త బంగాళాదుంపలు వచ్చాయి. హెల్కా ఏమీ ముట్టుకోలేదు. ఓస్మోనే చూస్తోంది. అతను రొట్టె మీద వెన్న రాసుకుంటూ, నంగులాకి ఏదో ముప్పై ఏళ్ళనాటి ఇసుక తుఫాను కథ చెప్తున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళలో అతను ఇంత సంతోషంగా ఎప్పుడున్నాడు? హెల్కా లెక్క వేసింది. నిన్న పొద్దున. రేడియో వార్త వచ్చాక ఏడుస్తున్న తనని దగ్గరికి తీసుకుని, "పోనీలే, ఆ విండ్‌హుక్ ఉద్యోగం పోతే పోయింది, మనం మనలాగే ఉందాం" అన్నప్పుడు. ఉద్యోగం పోయిందని అప్పటికి ఎవరూ అనలేదు.

కాదు. అలా అనుకోకూడదు. ఇరవై రెండేళ్ళ కాపురం. నిన్న వెన్లాని అనుమానించాను, ఇవాళ ఇంట్లోవాణ్ణి. నా కుళ్ళుకి రోజుకొక మనిషి కావాలి.

చెంచాతో గ్లాసు మోగింది. లాహ్యా లేచి నిలబడింది.

డాక్టరేటు గెలిచిన రాత్రి ఇచ్చే ఈ విందుని కరోంక్క అంటారు, అందులో ఇదే అసలు ఘట్టం. కొత్త డాక్టరు లేచి కృతజ్ఞతలు చెప్పాలి. దానికొక వరస ఉంది, అది రాతి మీద గీత. ముందు పరీక్షకుడు. వెంటనే సంరక్షకుడు. ఆ తర్వాతే మిగతావాళ్ళు, ఇల్లూ వాకిలీ. పేరు పిలిపించుకున్న ప్రతివాళ్ళూ తర్వాత అదే వరసలో లేచి బదులు చెప్పాలి. తప్పించుకోవడం లేదు. పెళ్ళిపందిట్లో పెళ్ళికొడుకు పేరు మరిచిపోయినా నవ్వి ఊరుకుంటారేమో గాని, ఇక్కడ ఈ వరస తప్పితే పదేళ్ళు చెప్పుకుంటారు.

"అయ్యా పరీక్షకుడు గారూ," అంది లాహ్యా ఉప్సల ప్రొఫెసరుతో, "మధ్యాహ్నం మీరు నన్ను నిప్పుల మీద నడిపించారు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి, చూసుకున్నాను. ఆ నడక నేర్పినందుకు కృతజ్ఞతలు."

నవ్వులు. ఆయన తల వంచాడు. ఓస్మో నోరు తుడుచుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తర్వాతి పేరు అతనిదే. పెదవుల మీద చిరునవ్వు సిద్ధం చేసుకున్నాడు.

"వెన్లా," అంది లాహ్యా. "నేనొచ్చిన కొత్తలో హెల్సింకి చలికి ఏడుస్తూ బస్టాపులో కూర్చుంటే, నీ చేతిజోళ్ళు విప్పి నాకు తొడిగావు. కృతజ్ఞతలు."

బల్ల చుట్టూ చెంచాలు ఆగాయి.

"వరస తప్పింది" అని ఎవరో గొణిగారు. కోట్ల గదిలో ఎండ గురించి మాట్లాడిన ఆవిడే. "ప్రొఫెసర్ని మరిచిపోయింది, పాపం పరాయి పిల్ల."

ఓస్మో చిరునవ్వు కదలలేదు. కాని చెవులు ఎర్రబడ్డాయి. లాహ్యా మోచేతిని మెల్లిగా తాకి, "నన్ను మరిచావు తల్లీ" అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఆమె చూసింది. చూసి, తల తిప్పుకుంది.

"మా అమ్మకి, మా ఊరి బడికి కృతజ్ఞతలు. ఉప మంత్రి గారూ, అంత దూరం నుంచి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నందుకు మీకు కృతజ్ఞతలు." నంగులా చిన్నగా తలాడించింది. "తర్వాత, హెల్కా అమ్మకి."

హాలంతా ఒక్కసారి బల్ల చివరికి తిరిగింది. వెన్లా బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకుంది. హెల్కా ఆ చేతిని తొయ్యలేదు.

"నిన్నటి నుంచీ అందరూ అమ్మ మాట వింటున్నారు. అది సగం మాట. నేను పూర్తిగా విన్నాను."

నంగులా గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎక్కడ విన్నావమ్మా?"

"చెప్తాను మంత్రి గారూ. అదే చెప్పడానికి లేచాను. 'లెక్క సరిపోయింది. ఇలా అనుకుని చేతులు దులుపుకుంటే మనం చేస్తున్నది స్నేహం కాదు, ప్రకటన. ఇది మారాలి.' అమ్మ అన్నది అదీ. మన కోసం తన వాళ్ళతో పోట్లాడుతూ అన్న మాట అది. రేడియోలో పోట్లాట తీసేసి, దెబ్బ ఒక్కటే ఉంచారు."

బయట సముద్ర పక్షి ఒకటి అరుస్తూ పోయింది.

"ఇందాక ఎవరో నేను వరస తప్పానన్నారు. తప్పలేదు. మీ ఆచారం నాకు బాగా తెలుసు. పేరు పిలిస్తే లేవాలి, లేచి అందరి ముందూ బదులు చెప్పాలి. చివర పిలిచినవాళ్ళు చివర మాట్లాడతారు, ఆ మాట అందరితోపాటు ఇంటికెళ్తుంది. అందుకే ఒక్కరిని చివరికి దాచుకున్నాను."

"లాహ్యా," అన్నాడు ఓస్మో. గొంతులో నవ్వు ఉంది, తడి లేదు. "అలిసిపోయావు. కూర్చో తల్లీ. మిగతాది నేను..."

"సంరక్షకులు మధ్యలో మాట్లాడకూడదు. అది కూడా మీ ఆచారమే." ఆమె ఎదుటివాళ్ళ వైపే చూస్తూ కొనసాగించింది. "కిందటి వారం ఆ మనిషి నన్ను తన గదికి పిలిచి తలుపేశారు. ఫోన్‌లో అమ్మ గొంతు వినిపించారు, మొదటి నుంచి చివరిదాకా. 'దీన్ని ముందు సగం ఉంచి మీ రేడియోకి పంపు, నీ దేశం వినాలి' అన్నారు. నేను పంపనన్నాను. అప్పుడాయన ఏమన్నారో తెలుసా? 'ఆ ఇసుకలో మొదట నడిచింది నేను. ముప్పై ఏళ్ళు. ఇప్పుడు జెండా పట్టుకుని ఆవిడ దిగుతుందట. నేను వెనకాల పెట్టె మోస్తూ రాయబారి గారి మొగుణ్ణి అనిపించుకోవాలా?'"

హెల్కా కళ్ళు మూసుకుంది. ఆ వాక్యంలో ప్రతి మాటకీ వాసన ఉంది. వంటగది వాసన, కాఫీ వాసన, ఇరవై రెండేళ్ళ ఒక ఇంటి వాసన. నిన్నటి నుంచీ తన అసూయని వేరే గుమ్మం వైపు తోలుతూ వచ్చిన చెయ్యి ఎవరిదో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఎవరైనా ఆ పేరు అంటే తప్ప అది నిజం కాదేమో, ఎవరూ అనకపోతే బాగుండు, అనేస్తే బాగుండు.

"నా డాక్టరేటు ఆయన చేతిలో ఉంది. అందుకే ఇవాళ మధ్యాహ్నం దాకా నోరు కుట్టుకున్నాను. నేను పంపకపోతే ఊరుకుంటారనుకున్నాను. ఊరుకోలేదు, తానే పంపుకున్నారు."

నంగులా కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. ఆమె చూపు మొదటిసారి హెల్కా మీద పడింది, అక్కడి నుంచి నెమ్మదిగా లాహ్యా ఎడమ పక్కకి జరిగింది. "పేరు చెప్పు అమ్మాయీ."

లాహ్యా గ్లాసు ఎత్తింది. తన ఎడమ పక్కకి తిరిగింది.

"నాకు పరిశోధన నేర్పినందుకు కృతజ్ఞతలు. అమ్మ గొంతు ఎందుకు కోశారో ఇప్పుడు అందరికీ బదులు చెప్పండి. ఈ ఊళ్ళో నేను నాన్నా అని పిలిచింది మిమ్మల్ని ఒక్కరినే. లేవండి, నా సంరక్షకుడు, ప్రొఫెసర్ ఓస్మో రౌతియో!"